లాభం పోయిన వాన

"మేకల మీదా?" అంది మంగాయమ్మ.

"మేఘాల మీదండీ అత్తయ్యగారూ!" అని శారోన్ గట్టిగానే అరిచింది. కానీ సఖినేటిపల్లి రేవు నుంచి తాటిమెరక వెళ్ళే ఆ ఆటోకి సైలెన్సరు ఊడి ఏడాది దాటింది. ఆ రొదలో పడి మేఘాలు ఒత్తులు రాలగొట్టుకుని, మంగాయమ్మ చెవిలోకి దూరేసరికి కొమ్ములూ తోకా మొలిపించుకున్నాయి.

"వాటికి కూడా ఎమ్మెస్సీ ఉందేంటమ్మా?"

"ఉందండీ. అదయిపోవచ్చింది. సోమవారం విశాఖపట్నంలో పీహెచ్‌డీ సీటుకి ఇంటర్వ్యూ."

"అయితే లోపలేముందో పైనుంచి చూసి చెప్పేస్తావా?"

శారోన్‌కి ముచ్చటేసింది. తన చదువు గురించి ఇంత సూటిగా అడిగిన మనిషి ఈ ఊళ్ళో ఇంతవరకూ తగల్లేదు. "అదే కదండీ పని! ఎంత నీరు పట్టింది, లోపలెలా సుళ్ళు తిరుగుతోంది, ఎప్పుడు వదులుతుంది..."

"మాది నాలుగు రోజుల్నుంచీ వదల్లేదమ్మా" అంది మంగాయమ్మ దిగులుగా.

ఆటో గోతిలో పడింది. ఆ మాటా అందులోనే పడిపోయింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే శారోన్ తల్లి రూతు టీచరు గేటు తీసేసరికి బయట మూడు మేకలూ, ఒక పోతూ, వాటి తాలూకు మనుషులూ బారులు తీరి ఉన్నారు. అందరికంటే ముందు కడుపుబ్బిన మేకతో మంగాయమ్మ.

"మేకలు కాదండీ, మేఘాలు" అంది శారోన్, నోట్లో బ్రష్షుతో. బ్రష్షు అడ్డం పడి ఒత్తు మళ్ళీ జారిపోయింది.

"ఆయ్, అవేనండి" అన్నారందరూ మర్యాదగా. కోనసీమలో ఎదుటివాళ్ళ మాట అర్థం కాకపోతే మళ్ళీ అడగడం అమర్యాద. 'ఆయ్' అనేస్తే చెప్పినవాళ్ళ పరువూ, విన్నవాళ్ళ పరువూ రెండూ నిలబడతాయి. పని మాత్రం పడుకుంటుంది.

"నేను మండలాఫీసుకి వెళ్ళాలండీ, తర్వాత మాట్లాడదాం" అని బ్యాగు తగిలించుకుని బయటపడింది.

ఆ బ్యాగులో ఉన్నది ఒక్క అంకె. నూట ఎనభై ఏడు. అక్టోబరు నెలాఖరు తుపానుకి తాటిమెరక మీద ఇరవై నాలుగు గంటల్లో నూట ఎనభై ఏడు మిల్లీమీటర్ల వాన పడిందని, రాడార్ బొమ్మల్లోంచి శారోన్ ఆర్నెల్లు కళ్ళు లాగేలా కూర్చుని నేర్చుకున్న పద్ధతిలో లెక్క కట్టింది. తాటిమెరక మండలాఫీసు పైకి పంపిన అంకె నూట పద్నాలుగు. గైడు మేడం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. "నేల మీద కొలిచిందొకటి, నువ్వు కంప్యూటర్లో కొలిచిందొకటి. తప్పెవరిదో తేల్చుకుని సోమవారం రా. తేల్చకుండా వస్తే కమిటీ ముందు నిన్ను వెనకేసుకు రాలేను" అంది. తప్పు తనది కాదని శారోన్‌కి గట్టి నమ్మకం. వాన కొలిచే డబ్బాదో, డబ్బా కొలిచే మనిషిదో అయ్యుంటుంది. ఆ తప్పుని పట్టుకుపోవడానికే నరసాపురంలో రైలు దిగి, రేవులో పంటు పడవెక్కి, గోదావరి దాటి వచ్చింది.

మండలాఫీసుకి వెళ్ళిన ప్రతివాడికీ ఎక్కడో ఒకచోట మండుతుంది. దానికా పేరు పెట్టినవాడెవడో అనుభవజ్ఞుడు. శారోన్‌కి మెట్లెక్కకముందే మండింది. ఆఫీసు ఆవరణలో, వంగిపోయిన ముళ్ళకంచె మధ్య ఉంది వాన డబ్బా. పైన గరాటా, లోపల సీసా. గరాటాలో వర్షపాతం లేదు గానీ మిగతా పాతాలన్నీ ఉన్నాయి. రెండు టీ కప్పులు, నలిపి పారేసిన గుట్కా పొట్లం, దాని మీద ఎర్రగా, చిక్కగా, ఇంకా ఆరని ఉమ్ము. తుపాను అన్న మాట ఎలా పుట్టిందో శారోన్‌కి ఆ క్షణాన తెలిసింది. 'తు' అని ఉమ్మితే 'పాను' పడుతుంది. కంచె సందులోంచి దూరిన మేకలేవో గరాటా అంచుకి ఒళ్ళు రుద్దుకుని, రసీదుగా నల్లటి పెంటికలు రాల్చి వెళ్ళాయి. మేఘాలు కురవాల్సిన చోట నిజంగానే మేకలు కురిశాయి.

ఈ ఉమ్ముతొట్టిని నమ్ముకునా విశాఖపట్నంలో తన సీటు ఆగింది!

"పొద్దున్నే కడిగేనమ్మా" అన్నాడు వెనకనుంచి ఎవరో. సాలమోను. మండలాఫీసులో టెంపరరీ అటెండరు, శారోన్ వాళ్ళ చర్చి సంఘంలో మనిషే. ఒక చేతిలో నీళ్ళ బకెట్టు, రెండో చేతిలో కొలత గ్లాసు. గ్లాసుని తువ్వాలు కొసతో తుడుస్తూనే ఉన్నాడు, అందులో నీళ్ళు లేకపోయినా. "రోజూ ఎనిమిదిన్నరకి కొలిచి, కడిగి, గరాటా పెట్టేత్తాను. పదింటికి ఆఫీసులో అందరూ వచ్చేత్తారు కదా మరి."

గరాటా ఎత్తి, చీపురుపుల్లతో గోకి, మూడుసార్లు కడిగాడు. ఉమ్ము తన వేలికంటుకుంటే మొహం తిప్పుకోలేదు. శారోన్ తిప్పుకుంది.

లోపల జూనియర్ అసిస్టెంటు గంగాధర్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. తండ్రి రైల్వే ఉద్యోగంలో ఊరూరా తిరిగితే క్వార్టర్లలో పెరిగిన కుర్రాడు. మర్యాదస్తుడు. వర్షం రిజిస్టరు తీసి చూపించాడు.

"ఇదిగోండి మేడం. వాన పడితే ఎనిమిదిన్నరకే వస్తాను. సాలమోను బయట కొలుస్తూ గ్లాసు గ్లాసుకీ పైకి చెప్తాడు, నేనిక్కడ కిటికీలోంచి వింటూ గీత గీస్తాను. గ్లాసంటే ఇరవై మిల్లీమీటర్లు. తుపాను మర్నాడు గీతలు అయిదు, పైన పద్నాలుగు. నూట పద్నాలుగు."

"మీరు బయటికెళ్ళి చూడరా?"

"వానండి" అన్నాడు గంగాధర్, అంతకంటే కారణం ఏముంటుందన్నట్టు.

అప్పుడే డిప్యూటీ తహసీల్దారు వీరవెంకటరమణగారు వరండాలోంచి వచ్చి కూర్చున్నారు. డిప్యూటీ అన్న మాటలో డ్యూటీ ఉంది గానీ, మధ్యలో ఏదో అడ్డంపడి విరిగిపోయింది. నోట్లో కిళ్ళీ ఒక బుగ్గ నుంచి రెండో బుగ్గకి బదిలీ అవుతోంది. ఉమ్ము తాలూకు చిరునామా శారోన్‌కి దొరికింది.

విషయమంతా విని ఆయన నవ్వారు. "ఆ సాలమోనుగాడికి చదువా సంధ్యా అమ్మా! ఎంత పోసేడో, ఎంత ఒలకబోసేడో. ఏరా?"

గుమ్మంలో నిలబడ్డ సాలమోను "ఆయ్" అన్నాడు.

"మనూరి పిల్ల పైకొస్తుంటే మేం అడ్డమా? చెప్పమ్మా, ఎంత కావాలి?"

"ఎంత కావాలేంటండీ? ఎంత పడిందో కావాలి."

"పడింది పడిపోయిందమ్మా. ఇప్పుడు ఎంత పడినట్టుండాలి?"

శారోన్ రిజిస్టరు మీద వేలు పెట్టింది. "రిజిస్టరు తప్పైతే దిద్దాలి కదండీ?"

"అమ్మమ్మమ్మ! రిజిస్టరు జోలికి పోకూడదు. అది పైకెళ్ళిపోయింది. పైకెళ్ళింది అంకైనా మనిషైనా తిరిగి రాదు. నీకు విడిగా కాగితం ఇచ్చేత్తాను, మీ కాలేజీకి చూపించుకో." డ్రాయరు లాగి, ఆఫీసు పేరున్న కాగితం తీసి, 'తుపాను రోజున తాటిమెరకలో నమోదైన వర్షపాతం' అని గంగాధర్ చేత రాయించి, అంకె చోట ఖాళీ వదిలించి, కింద సంతకం చేసి, సీలు నోటి దగ్గర పెట్టుకుని 'హా' అని ఊది గుద్దారు. "అంకె నువ్వే వేసుకో. నీకు కలిసొచ్చింది."

సీలు మీద కిళ్ళీ వాసన. దాన్ని ఆయన మొహాన కొట్టి రావాల్సిందని శారోన్‌కి మెట్లు దిగాక తోచింది. అప్పటికే కాగితం బ్యాగులో ఉంది. చెయ్యి చాచింది తనే. అన్నిటికంటే రోత ఆ చెయ్యిని చూస్తే వేసింది.

మధ్యాహ్నం అన్నం పెడుతూ రూతు అంది, "రాసేసుకోవే. నూట ఎనభై ఏడని నువ్వే అంటున్నావు కదా, నిజమే రాసుకున్నట్టు. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం హాజరు ఎలా రాస్తారనుకున్నావు?"

"నిజమో కాదో చూడకుండానా అమ్మా?"

"అందరూ చూసే రాస్తున్నారా?" అని మజ్జిగ పోసింది రూతు.

శారోన్ పెన్ను మూత తీసింది. నూట ఎనభై ఏడులో మొదటి ఒకటి వేయడానికి చిన్న గీత చాలు. మూత పెట్టేసి లేచింది.

సాలమోను చెరువు గట్టు అవతల ఎకరన్నర కౌలు చేలో ఉన్నాడు. చేను పడుకుని నెలయింది. ముందు నీళ్ళలో, ఇప్పుడు బురదలో. వెన్నులకి చేను మీదే పచ్చటి మొలకలొచ్చాయి. కుళ్ళిన గడ్డి వాసన ముక్కుని పట్టుకుని వదల్లేదు. కాస్త బాగున్న కంకుల్ని ఏరి, బరకం పట్టా మీద దులిపి, కోళ్ళకి పనికొస్తాయని పాత ఇనప కుంచంతో కొలిచి గోనెలో పోసుకుంటున్నాడు.

"నష్టం రాయడానికి ఎవరూ రాలేదా బాబాయ్‌గారూ?"

"మనకి రారంటమ్మా. అతి భారీ వాన పడిన మండలాలకే టీములంట. నూట పదిహేను దాటాలంట. మనది ఒక్క పిసరు తక్కువైందన్నారు." కుంచం ముంచి, అరచేత్తో తలకొట్టి, గోనెలోకి వంచాడు. "లాభం..." మళ్ళీ ముంచాడు. "రెండు... మూడు..."

శారోన్ వంగి చూస్తున్నదల్లా నిలబడిపోయింది.

"బాబాయ్‌గారూ, వాన కూడా ఇలాగే కొలుస్తారా?"

"మరింకెలా కొలుత్తారమ్మా? మొదటిదాన్ని ఒకటి అనకూడదు, ఒంటిది, ఒక్కటే మిగులుద్ది. లాభం అనాలి. మా నాన్న కామందుల కళ్ళాల్లో నలభై ఏళ్ళు వడ్లు కొలిచేడు, ఒక్కనాడు ఒకటి అన్లేదు." నవ్వాడు. "ఆ లాభం మాకెప్పుడూ రాలేదనుకో. అనడం మాత్రం వచ్చింది."

"తుపాను మర్నాడు ఎన్ని గ్లాసులండీ?"

"ఆరు. పైన పద్నాలుగు. మర్చిపోతానా? నా చేను మునిగిన వాన కదా."

"గంగాధర్‌గారి గీతలు అయిదే ఉన్నాయి."

సాలమోను కుంచం కింద పెట్టాడు.

ఇప్పుడు వడ్లు కొలిచేదెవరు, కాటా వేస్తారు. క్వార్టర్లలో పెరిగిన గంగాధర్ వడ్లని బస్తాల్లోనే చూశాడు. కిటికీ బయట వానలో తడుస్తూ ఒక మనిషి 'లాభం' అని అరిస్తే, ఏదో శుభమా అని మొదలుపెడుతున్నాడు అనుకుని ఉంటాడు. 'రెండు' అన్నాక పెన్ను కదిలేది. చిరుజల్లు రోజున గ్లాసు నిండదు కాబట్టి తప్పు లేదు. పెద్ద వాన పడిన ప్రతిసారీ సరిగ్గా ఒక గ్లాసు పోయింది. శారోన్ తన నోటుబుక్కు తీసి, పొద్దున్న రిజిస్టరులోంచి ఎక్కించుకున్న మూడేళ్ళ పెద్ద వానల అంకెలు ఒక్కొక్కటే చదివి, ఎన్ని గ్లాసులు పోశాడో సాలమోనుతో చెప్పించుకుంది. గుర్తున్నంతవరకూ అన్నిచోట్లా అదే గ్లాసు తక్కువ.

"ఆరిరవైలు నూట ఇరవై, పద్నాలుగు. నూట ముప్పై నాలుగు బాబాయ్‌గారూ."

"నూట పదిహేను దాటిందా?"

"దాటింది."

ఆయన చేను వైపు తిరిగాడు. "అయితే నా చేలో నీళ్ళు నేనే నా నోటితో తీసేసేనన్నమాట." తర్వాత, మర్యాద గుర్తొచ్చినట్టు, "మరి నీ లెక్కకి సరిపోయిందా అమ్మా?" అన్నాడు.

శారోన్‌కి అప్పటిదాకా తట్టలేదు. నూట ఎనభై ఏడు ఎక్కడ, నూట ముప్పై నాలుగు ఎక్కడ! పట్టుకుపోదామని వచ్చిన తప్పు దొరికింది. దాని పక్కనే తన తప్పూ దొరికింది, దానికంటే పెద్దది. చదువులేనివాడని తేల్చేసిన మనిషి పోసిన గ్లాసులు సరైనవి. ఆర్నెల్లు కంప్యూటరు ముందు కూర్చుని పోసినవి తప్పు.

"లేదండీ. నాదీ తప్పే."

"నీకు కాగితం ఇచ్చేరు కదా" అన్నాడు సాలమోను, అమాయకంగానే.

గట్టు మీద నిలబడి మేడానికి ఫోన్ చేసింది.

"నూట ముప్పై నాలుగుని నమ్మొచ్చా?" అంది మేడం.

"కొలిచినాయన్ని నమ్మొచ్చు మేడం."

"అయితే నీది యాభై మూడు ఎక్కువ. ఏమైపోయింది ఆ యాభై మూడు? మేఘంలోంచి బయల్దేరి దార్లో ఆగిపోయిందా? గాలి విసురుకి గరాటాలో పడకుండా కొట్టుకుపోయిందా?"

"తెలీదు మేడం."

"కమిటీ ముందు ఆ మాట అనగలవా?"

శారోన్ పడుకున్న చేను వైపు చూసింది. "అంటాను మేడం."

"సీటు వస్తుందని మాత్రం నేను చెప్పను. రా" అని పెట్టేసింది.

శనివారం పది దాటాక శారోన్ మండలాఫీసు మలుపు తిరిగి ఆగిపోయింది. ఆవరణ నిండా మేకలు. పాతిక, ముప్పై ఉంటాయి. కంచె మీద, మెట్ల మీద, డిప్యూటీగారి స్కూటరు సీటు మీద. రూతు టీచరుగారి అమ్మాయి ఆఫీసు దగ్గర మేకల క్యాంపు పెడుతోందని మంగాయమ్మ రెండు పేటలకీ కబురు చేసింది. సగంమంది సాలమోనులాగే చేను పోయిన కౌలుదార్లు.

"నాయుళ్ళపేట నుంచి కూడా వచ్చేరమ్మా!" అంది మంగాయమ్మ గర్వంగా.

వీరవెంకటరమణగారు వరండాలోకి వచ్చి, "ఏంటిది, ఆఫీసా, సంతా?" అన్నారు. ఒక మేక ఆయన పంచె కొస నములుతోంది.

శారోన్ చెప్పాల్సింది చెప్పేందుకు ఇంతకంటే మంచి సభ దొరకదు. మెట్టెక్కింది.

"నాకు మేకల వైద్యం రాదండీ! నేను చదివేది మే-ఘా-లు! మబ్బులు!" వేలు పైకి చూపించింది. "వాన, తుపాను, అవీ!"

ఆవరణంతా తలెత్తి ఆకాశం చూసింది. మేకలు తప్ప.

"మబ్బులా!" అంది మంగాయమ్మ. "మరి మొన్న కడుపులోది చెప్తానన్నావు?"

"మబ్బు కడుపులోది అత్తయ్యగారూ. మీ మేకని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఇప్పుడే. వెళ్ళేముందు రెండు నిమిషాలు ఉండండి. ఈ ఊళ్ళో తప్పుగా విన్నది మీరొక్కరే కాదు."

కొలత గ్లాసు తీసుకుని, అందరూ చూస్తుండగా బకెట్టు నీళ్ళతో నాలుగుసార్లు నింపి డబ్బా సీసాలో పోసింది. "ఎన్ని?" "నాలుగు!" అన్నారు జనం. "గంగాధర్‌గారూ, మీరు రోజూలాగే కిటికీ దగ్గర కూర్చోండి. బాబాయ్‌గారూ, రోజూలాగే కొలవండి."

సాలమోను కొలిచాడు. "లాభం... రెండు... మూడు... నాలుగు!"

"ఎన్ని గీతలండీ?" అని అరిచింది శారోన్.

"మూడు" అన్నాడు గంగాధర్. కాసేపటికి తలుపు తీసుకుని, మూడేళ్ళలో మొదటిసారి వాన డబ్బా దాకా నడిచొచ్చాడు. మొహం ఎర్రబడింది. "లాభం అంటే... దేవుణ్ణి తల్చుకుంటున్నాడనుకున్నానండి."

ఎవరో నవ్వారు. నవ్వు చివరిదాకా రాలేదు. పోయిన గ్లాసు ఏ గ్లాసో, అది ఎవరి చేలో ఉందో ఒక్కొక్కరికే అర్థమవుతోంది. శారోన్ విడమరిచి చెప్పింది. ఆరు గ్లాసులు అయిదెలా అయ్యాయో, నూట ముప్పై నాలుగు నూట పద్నాలుగెలా అయిందో, మండలం జాబితాలోంచి ఎలా జారిందో.

"అవన్నీ ఇప్పుడేం చెయ్యలేమమ్మా" అన్నారు వీరవెంకటరమణగారు, పంచె లాక్కుంటూ. "రిజిస్టరు పైకెళ్ళిపోయింది. దాన్ని దిద్దే అధికారం నాకు లేదు."

"దిద్దక్కర్లేదండీ. మీరిచ్చేసేరు."

బ్యాగులోంచి ఖాళీ కాగితం తీసింది. సంతకం, సీలు, కిళ్ళీ వాసన అన్నీ భద్రంగా ఉన్నాయి. మెట్టు మీద ఆనించి, ఖాళీలో నూట ముప్పై నాలుగు అని అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాసింది. పైకి చదివింది. సాలమోను చేతిలో పెట్టింది. "ఇది కలెక్టరాఫీసులో చూపించండి. అక్కడా కాదంటే, డిప్యూటీగారి సంతకం కాదని వాళ్ళని చెప్పమనండి."

కిళ్ళీ వీరవెంకటరమణగారి బుగ్గలో బదిలీ ఆపేసింది. ఆయన కాగితం వైపు చూశారు, జనం వైపు చూశారు, ఫోన్‌లో వీడియో తీస్తున్న ఇద్దరి వైపు చూశారు. అప్పుడు గొంతు సవరించుకున్నారు.

"ఆయ్. అందుకేనండి నేను నిన్ననే ముందుచూపుతో సంతకం పెట్టి ఉంచేను. మన మండలానికి అన్యాయం జరగనిత్తానా?"

కొందరు చప్పట్లు కూడా కొట్టారు. శారోన్ కొట్టలేదు. వాళ్ళ నష్టం రాస్తే రాస్తారు, రాయకపోతే రాయరు. ఈయన మాత్రం రేపు పేపర్లో పడతాడు.

"ఆ నీళ్ళు సీసాలో పోసి మళ్ళీ కొలవరా, అందరూ చూత్తారు" అన్నారాయన, సభకి ముగింపు తనే పలకాలని.

సాలమోను గ్లాసు తువ్వాలుతో తుడిచాడు. సీసా వంచాడు. నీళ్ళు గీత దాకా వచ్చి నిలిచాయి. అలవాటుగా నోరు తెరుచుకుంది. "లా..."

ఆగాడు. పక్కనే రిజిస్టరు పట్టుకుని నిలబడ్డ గంగాధర్ వైపు చూశాడు. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళలో ఒక్కనాడూ అనని మాట, ఆవరణంతా వినపడేలా అన్నాడు.

"ఒకటి!"